పైకెక్కిన చుక్కలు

చచ్చిపోయిన మనిషి కనురెప్పలు ఆడించడం ఈశ్వరి చూడడం అదే మొదటిసారి. ఒకసారి కాదు, మూడుసార్లు. అంత వేడి లైట్ల కింద పడుకోబెడితే పాపం శవం మాత్రం ఏం చేస్తుంది. మంచం పక్క మానిటర్లో గీత తిన్నగా సాగిపోతోంది. డాక్టరమ్మ వేషం కట్టిన నీలవేణి రెండు ఇస్త్రీపెట్టెల్లాంటి వస్తువులు ఒకదానికొకటి రాపాడించి, చొక్కా గుండీలైనా విప్పకుండా శవం గుండెల మీద ఆనించింది. శవం జానెడెత్తు ఎగిరిపడింది. గీత కొండలూ లోయలూ అయింది. శవం లేచి కూర్చుని, నోట్లో గొట్టం ఉండగానే, "అమ్మా, అన్నం తిన్నావా?" అని అడిగింది.

"కట్. సూపర్," అన్నాడు డైరెక్టర్ ధర్మేంద్ర.

ఈశ్వరి గోడవార ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచింది. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఆమె హెడ్ నర్సు. ఈ సీరియల్ వాళ్ళు విజయనగరంలో మూతపడ్డ ఓ పాత నర్సింగ్‌హోమ్‌కి రంగులేసి షూటింగ్ పెట్టుకుని, వైద్యం సంగతులు చెప్పడానికి ఒక డాక్టరు కావాలన్నారు. ఆసుపత్రి డాక్టరు తిరుమలరావు సరేనని, తన బదులు ఆమెని పంపాడు. పేరు మాత్రం ఆయనదే పడుతుంది.

"గీత తిన్నగా ఉంటే కరెంటు ఇవ్వరండి," అంది ఈశ్వరి. "ఛాతీ మీద నొక్కాలి. చేతులు పడిపోయేదాకా నొక్కాలి."

"నొక్కితే ఏం కనిపిస్తుంది మేడమ్? హీరోయిన్ వీపు కనిపిస్తుంది. కరెంటిస్తే మనిషి ఎగురుతాడు. మనిషి ఎగిరితే, పొయ్యి మీద కూర మాడుతున్నా ఆడవాళ్ళు టీవీ ముందుకి పరిగెత్తుకొస్తారు."

"నోట్లో గొట్టం ఉంటే మాట రాదండి."

"మాట రాకపోతే ఎపిసోడ్ ఎలా అవుతుంది?"

అంతటితో వైద్య సలహా ముగిసింది. మరి ఆమెనెందుకు కూర్చోబెట్టారంటే, చేతుల కోసం. సూది చూస్తే నీలవేణికి కళ్ళు తిరుగుతాయి. అందుకని డాక్టరమ్మ మొహం నీలవేణిది, దగ్గరగా చూపించే చేతులు ఈశ్వరివి. నీలవేణికి పండుమిరపకాయల్లా ఎర్రటి పొడుగు గోళ్ళు. ఈశ్వరివి మొదలంటా కత్తిరించిన గోళ్ళు. డాక్టరమ్మ సూది అందుకునేసరికి గోళ్ళు మాయమవుతాయి, సూది వదిలేసరికి మొలుచుకొస్తాయి. ఈశ్వరి కుడి మణికట్టు మీదున్న మూడు చుక్కల పచ్చబొట్టుని మాత్రం మేకప్ అతను శ్రద్ధగా రంగు పూసి చెరిపేస్తున్నాడు.

అక్కడున్న పాతికమందిలో పని చేస్తున్నట్టు కనిపించింది ఒక్కతే, రాగసుధ అనే అసిస్టెంటు. ప్రతి షాటుకీ ఫోన్లో ఫొటో తీసుకుని, తర్వాత షాటు దానికి సరిపోతోందా లేదా చూసుకోవడం ఆ పిల్ల పని. "మేడమ్, సెలైన్ ఎడమ చేతికా కుడి చేతికా?" అని వచ్చి అడిగింది.

"పొద్దున్న ఎడమ చేతికి పెట్టాం. జేబు మీద మరక ఉన్నాది. దుప్పటి మోకాళ్ళ దాకా. ఆక్సిజన్ మాస్కు తీసి దిండు మీద పెట్టినారు," అంది ఈశ్వరి చూడకుండానే.

రాగసుధ ఫొటో చూసుకుని ఆమె వంక నోరు తెరుచుకు చూసింది. ఈశ్వరికి ఇందులో వింతేమీ లేదు. ఏ చేతికి, ఎన్ని గంటలకి, ఇంకా ఎంత మిగిలింది. కేసుషీటులో రోజూ రాసేది అదే.

"ఇంకో సంగతి. మీ సెలైన్ పారట్లేదు. పొద్దున్న తీసినప్పుడు ఎంత ఉందో, కథలో మూడు రోజుల తర్వాత సీనులోనూ అంతే ఉన్నాది."

ధర్మేంద్ర విని నవ్వాడు. "చుక్కలు ఎవరు చూస్తారు మేడమ్?"

కాని ఈశ్వరి ఈ ఒక్కదానికీ పట్టు పట్టింది. సూది లేకుండా ప్లాస్టరు మాత్రం చేతికి అంటించి, గొట్టం మంచం కిందకి పోనిచ్చి, చివర ఒక ప్లాస్టిక్ బకెట్లో వేసింది. చక్రం తిప్పి, గాజుబుడ్డిలా ఉన్న చిన్న గొట్టంలో చుక్క చుక్క పడేలా సరిచేసి, వాచీ చూసుకుని లెక్కపెట్టింది. "పారితే పారనీ, మనదేం పోయింది," అన్నాడు ధర్మేంద్ర. ఆ నర్సింగ్‌హోమ్ మొత్తానికి నిజంగా పనిచేస్తున్న వస్తువు అదొక్కటే.

సాయంత్రం వదిలేముందు ఆయనే పిలిచాడు. "మేడమ్, మీ సైడు మాటలు నాలుగు చెప్పండి. ఏటి, గీటి అని. పనిమనిషి క్యారెక్టరుకి కావాలి. కామెడీ పండుతుంది."

"డాక్టరమ్మకి పెట్టండి. మా వైపు డాక్టరమ్మలూ అలాగే మాట్లాడతారు."

అందరూ నవ్వారు, జోకనుకుని. రాగసుధ ఒక్కతే నవ్వలేదు, ఫోనులో మొహం పెట్టుకుంది.

*

పాసింజరు ఆమదాలవలసలో దిగి, ఆటోలో ఊరు చేరేసరికి ఇంకా వెలుతురుంది. ఈశ్వరి తన ఇంటికి పోకుండా ముందు గున్నమ్మ ఇంటికి వెళ్ళింది. చెల్లెలి కూతురు శైలజని ఇచ్చింది ఆ ఇంటికే. రోజూ ఆసుపత్రి నుంచి వస్తూ అక్కడ ఆగి మాత్రల అట్ట చూడడం ఆమెకి అలవాటు.

శైలజ వసారాలో కుట్టుమిషను మీద జాకెట్టుకి చేతులు అతుకుతోంది. కుడి చిటికెనవేలు గుడ్డ మీద ఆనకుండా పక్కకి వంగి నిలబడి ఉంటుంది. మూర్ఛ వచ్చినప్పుడు బిగుసుకున్న పిడికిలి విడదీసి తాళాలగుత్తి పెట్టాలని ముగ్గురు కలిసి విరిచిన వేలది.

"మాత్ర ఏసుకున్నావా?"

"ఏసుకున్నాను పెద్దమ్మా. అత్త ఎదురుగానే."

గున్నమ్మ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తింది. "మూడు నెలలు మాత్రలేసి సూడమన్నావు గదా ఈశ్వరమ్మా. రెండయినాయి. నీ మాట మీద తాళాలు మేకుకి తగిలించినాను. అవిగో, సూడు." గుమ్మం పక్క మేకుకి గుత్తి వేలాడుతోంది. "మొన్న పిల్ల కొట్టుకుంతంటే నా సెయ్యి ఆటి మీదికే ఎల్లిపోనాది. నువ్వన్నావు గదాని సేతులు ఎనక్కి కట్టుకుని నిలబడ్డాను."

"ఆగిందా లేదా?"

"ఆగింది."

"తాళాలు పెట్టినా ఆగుతాది, పెట్టకపోయినా ఆగుతాది వదినా. నిమిషమో, నిమిషమున్నరో. మళ్ళీ మళ్ళీ రాకుండా సేసేది మాత్ర."

"అందరూ అదే అడుగుతన్నారు. ఇనుము మానీసి ఇంగిలీసు మందేటి అని. రెండూ కలిపితే ఎలాగూ వికటిస్తాది. ఇనుమైనా ఉండాల, మాత్రైనా ఉండాల."

ఈ వికటించే సంగతి ఎవరు చెప్పారో గాని, గున్నమ్మ తలలోంచి దాన్ని పీకడం ఈశ్వరి వల్ల కాలేదు. తాళాలు పిల్ల చేతికి తిరిగొచ్చిన రోజున మాత్ర అట్ట చూరులోకి పోతుంది. అందుకే ఆ మేకు వైపు రోజూ ఒకసారి చూస్తుంది.

"అది సరేగాని, డాక్టరమ్మని సూసినావా? ఆ సచ్చిపోనోడు బతుకుతాడేటి?" అంది గున్నమ్మ గొంతు తగ్గించి. ఒంటిగంట సీరియల్ అంటే ఆమెకి అన్నం కంటే ముందు.

"బతికిపోయాడు. లేచి అన్నం తిన్నావా అని కూడా అడిగినాడు," అంది ఈశ్వరి. బతికాడన్న సంతోషంలో గున్నమ్మ చేట పక్కన పెట్టేసింది. ఎంత చెప్పినా ఎక్కని ఈ బుర్రకి ధర్మేంద్ర చెప్పింది మాత్రం ఇట్టే ఎక్కుతుంది గదా అనుకుని ఈశ్వరికి ఒళ్ళు మండింది.

*

మంగళవారం పొద్దున్న సీను కాగితం చదివి ఈశ్వరి మళ్ళీ చదివింది. డాక్టరమ్మ అత్తగారికి ఆసుపత్రి మంచం మీద మూర్ఛ వస్తుంది. డాక్టరమ్మ తన నడుమున్న తాళాలగుత్తి తీసి అత్త చేతిలో పెడుతుంది. అత్త కుదుటపడి, కళ్ళనీళ్ళతో అదే గుత్తి కోడలి చేతికిచ్చి, "ఇక ఇంటి పెత్తనం నీదే" అంటుంది.

"ఇది తీయకండి," అంది ధర్మేంద్ర దగ్గరికి వెళ్ళి.

"ఏది?"

"తాళాలు. డాక్టరు చేసే పని కాదు. మా ఇళ్ళల్లో దీనివల్ల పిల్లల వేళ్ళు విరుగుతున్నాయి. మందులు మానేస్తున్నారు. మీరు డాక్టరు చేత చేయిస్తే ఇంక మేం చెప్పేది ఎవరు వింటారు?"

"మేడమ్, అది సింబల్. పెత్తనం."

"పెత్తనం మూర్ఛ తగ్గాక ఇవ్వమనండి. అంత తొందరేం?"

ధర్మేంద్ర టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. నీలవేణి మొహానికి చిన్న ఫ్యాను పెట్టుకుని వినోదం చూస్తోంది. ఎండెక్కుతోంది, జనరేటరు తిరుగుతోంది, ఈ నర్సు కదిలేట్టు లేదు. సూదిచేతులు ఆమెవే.

"సరే మేడమ్, మీ మాటే. ముసలావిడ చేతిలో తాళాలు ముందే ఉంటాయి. డాక్టరమ్మ చెయ్యి వచ్చి తీసేస్తుంది. హ్యాపీనా?"

ఈశ్వరికి ఒక్క క్షణం అనుమానం వచ్చింది, అంత త్వరగా ఒప్పుకున్నందుకు. కాని ఒప్పుకున్నాడు. అదే పదివేలు.

షాటు పెట్టారు. అత్త వేషం వేసినామె మంచం మీద కొట్టుకుంటోంది. బాగానే కొట్టుకుంటోంది, ఆ మాట ఒప్పుకోవాలి. పిడికిట్లో గుత్తి. వెనక సెలైన్ గొట్టం, దానిలో చుక్కలు. కెమెరా చేతి మీదకి దిగింది. ఈశ్వరి తన చెయ్యి చాచి, పిడికిలిని పెళ్ళగించకుండా మణికట్టు కింద వేళ్ళు ఆనించి, బిగువు సడలేదాకా ఆగి, గుత్తిని మెల్లగా జారనిచ్చి తీసుకుంది. ఆసుపత్రిలో ఎలా చేస్తుందో అలాగే.

"సార్, మేడమ్ చేతికి పచ్చబొట్టు కవర్ చెయ్యలేదు," అంది రాగసుధ ఫొటో చూస్తూ. "వెనక డ్రిప్ కూడా బాగా కనిపిస్తోంది."

"ఎవరు చూస్తారు? నెక్స్ట్."

ఆ సాయంత్రం ఈశ్వరి రైలు దిగి దాదాపు పరుగులాంటి నడకతో గున్నమ్మ ఇంటికి వచ్చింది. "వదినా, శనివారం నాకు సెలవే. ఒంటిగంటకి మీ ఇంటికే వస్తాను. సీరియల్లో ముసలమ్మకి ఫిట్సు వస్తాది. డాక్టరమ్మ ఏటి సేస్తాదో నువ్వే సూడు. సేతిలో ఉన్న తాళాలు తీసి పక్కన పెట్టీస్తాది. ఆ సెయ్యి ఎవరిదనుకుంతన్నావు? నాది."

గున్నమ్మ ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుని, తిప్పి, పచ్చబొట్టు మీద బొటనవేలితో రాసింది. "డాక్టరమ్మే తీసీస్తాదా? అయితే మరి మాటేటున్నాది."

రెండు నెలలు తను గొంతు అరిగేలా చెప్పినదాని కంటే, ఇంకా రాని సీరియల్ ముక్క మీద ఆమెకి గురి కుదిరింది. పోనీలే, పనవుతోంది గదా అనుకుంది ఈశ్వరి.

*

శనివారం ఒంటిగంటకి గున్నమ్మ ఇంట్లో కూర్చోడానికి చోటు లేదు. ఈశ్వరి చెయ్యి టీవీలో వస్తుందని వీధంతా తెలిసిపోయింది. పక్కింటి ఎర్రన్న పొలం నుంచి వస్తూ కాళ్ళు కడుక్కోకుండానే గుమ్మంలో చతికిలబడ్డాడు. శైలజ అందరికీ మంచినీళ్ళిచ్చి పెద్దమ్మ పక్కన కూర్చుంది.

ముసలమ్మ కొట్టుకోవడం మొదలుపెట్టింది. నీలవేణి మొహం మీదికి కెమెరా మూడుసార్లు వెళ్ళింది, మూడుసార్లూ ఉరుము ఉరిమింది. తర్వాత చెయ్యి. ఖాళీ పిడికిలి కొట్టుకుంటోంది. పక్కనుంచి పొట్టి గోళ్ళ చెయ్యి ఒకటి, మణికట్టు మీద మూడు చుక్కలతో, తాళాలగుత్తి పట్టుకుని వచ్చింది. గుత్తిని పిడికిట్లో పెట్టింది. వేళ్ళు దాన్ని గట్టిగా మూసుకున్నాయి. చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది. ముసలమ్మ కళ్ళు తెరిచి, "అమ్మా కోడలా" అంది.

ఈశ్వరి తన చేతివంక చూసుకుంది.

"మా బాగా సేసినావు మేనత్తా," అన్నాడు ఎర్రన్న గుమ్మంలోంచి. "మాకేమో వద్దు వద్దని సెప్పి, అక్కడ నువ్వే పెట్టినావు."

"నాను పెట్టలేదు. తీసినాను."

"సెయ్యి నీదే గదా?"

"నాదే. కాని తీసినాను. పెట్టలేదు."

"కళ్ళతో సూసినాం మేనత్తా," అన్నాడు ఎర్రన్న జాలిగా, ఒంట్లో బాగాలేని మనిషితో అన్నట్టు.

గున్నమ్మ లేచింది. ఈశ్వరి వైపు చూడలేదు. మేకు మీది గుత్తి తీసి, శైలజ కొంగు చివర ముడివేసింది. కిటికీలో ఉన్న మాత్రల అట్ట తీసుకెళ్ళి చూరులో దోపింది.

"వదినా."

"ఒద్దు ఈశ్వరమ్మా. ఒకలికి ఒకటీ, ఒకలికి ఇంకొకటీ సెప్పే మనిషివనుకోలేదు."

శైలజ కొంగు బరువుకి భుజం మీంచి జారింది. మళ్ళీ వేసుకుంది. మళ్ళీ జారింది.

*

ఆదివారం పొద్దున్న ఈశ్వరి డ్యూటీ చీర కట్టుకుంటుంటే గున్నమ్మ వచ్చింది. ఆ మనిషి ఈశ్వరి ఇంటి గడప తొక్కడం శైలజ పెళ్ళి తర్వాత అది రెండోసారి. చేతిలో శైలజ ఫోను. కూర్చోమన్నా కూర్చోలేదు.

"రాత్రి పిల్లచేత ఆ ముక్క మళ్ళీ పెట్టించుకున్నాను," అంది. "నీ సెయ్యి సూద్దామని. శానాసార్లు సూసినాను." ఫోను ఈశ్వరికి ఇచ్చింది. "ఈ సెలైన్ సూడు. మా ఇంటాయనకి పోయే ముందు పదకొండు రోజులు ఎక్కించినారు. రాత్రీ పగలూ ఆ సుక్కలకేసి సూస్తా కూకున్నాను. అయిపోతే సిస్టర్ని పిలవాల గదా. నాకు సుక్క తెలుసు ఈశ్వరమ్మా. ఇదేటి, సుక్కలు పైకెల్తన్నాయి?"

ఈశ్వరి అద్దాలు పెట్టుకుని చూసింది. నిన్న తన చేతిని తప్ప ఇంకేమీ చూడలేదు ఆమె. గొట్టంలో అడుగున ఉన్న నీటిలోంచి ఒక చుక్క ఊడి, గుండ్రంగా పైకి లేచి, కొనకి అతుక్కుంది. ఇంకోటి. ఇంకోటి. తను వాచీ పెట్టి లెక్కగట్టిన వేగంతోనే, ఒకదాని వెనక ఒకటి, బుద్ధిగా పైకెక్కుతున్నాయి.

మంచం మీద కూలబడి రాగసుధకి ఫోను చేసింది, గున్నమ్మకి కూడా వినపడేట్టు పెట్టి.

"తిరగేసీసినారు మేడమ్," అంది రాగసుధ. ఆ పిల్ల గొంతులో షూటింగ్ భాష లేదు. "మీరు తీసినది ఎనకనుంచి ముందుకి ఆడించీసినారు. పెట్టినట్టు వచ్చీసినాది. డ్రిప్ కనిపిస్తాది, బాగోదు సార్ అని సెప్పినాను. ఎవరు సూస్తారు అన్నారు. నాకేటి సెయ్యాలో తెలీలేదు. మాది బొబ్బిలి మేడమ్, మా పిన్నికీ ఫిట్సే."

గున్నమ్మ ఫోను దగ్గరికి మొహం వంచింది.

"నాను సూసినానని సెప్పమ్మా ఆ బాబుకి," అంది.

అంతే. ఇంకో మాట లేకుండా ఫోను తీసుకుని వెళ్ళిపోయింది. నమ్మిందో, నమ్మలేదో, చూరులోంచి అట్ట తీస్తుందో లేదో, ఏదీ చెప్పలేదు. ఆమె నడక చూసి ఏదీ పోల్చుకోలేక ఈశ్వరి వీధి మలుపు దాకా చూస్తూ నిలబడింది. ఇంత కాలం ఈ మనిషికి చెప్పాలనే చూసింది గాని, ఈ మనిషికి ఏం తెలుసునని ఒక్కసారైనా అడగలేదు.

మంగళవారం సీరియల్ మేనేజరు ఫోను చేశాడు. ఎపిసోడ్ బ్రహ్మాండంగా పోయిందని, వచ్చే వారం పాముకాటు ఉందని, డాక్టరమ్మ నోటితో విషం లాగుతుందని, చేతులు మాత్రం మేడమ్‌వే కావాలని. "చేతులు డ్యూటీలో ఉన్నాయి," అని ఈశ్వరి పెట్టేసింది.

బుధవారం పొద్దున్న ఆటో కోసం బయల్దేరి గున్నమ్మ ఇంటి ముందుకి వచ్చేసరికి లోపల మిషను చప్పుడు టక్కున ఆగింది. ఏదో పడ్డ శబ్దం. ఈశ్వరి గుమ్మం దాకా పరిగెత్తింది. శైలజ నేల మీద ఉంది, మెడ బిగుసుకుని, చేతులు కొట్టుకుంటూ. గున్నమ్మ అప్పటికే పక్కన మోకాళ్ళ మీద ఉంది. మిషను మీది కత్తెర అందుకుని దూరంగా తోసేసింది. తలకింద తన కొంగు ఉండచుట్టి పెట్టింది. భుజం పట్టి పిల్లని మెల్లగా పక్కకి ఒత్తిగిల్లజేసింది, నురగ బయటికి కారేలా. బిగుసుకున్న పిడికిలి జోలికి పోలేదు. శైలజ కొంగుకి ముడి లేదు. కిటికీలో మాత్రల అట్ట ఉంది.

ఈశ్వరి లోపలికి ఒక అడుగు వేసింది. గున్నమ్మ తల తిప్పకుండానే అరచెయ్యి చూపించింది, ఆగమని. ఈశ్వరి ఆగింది. చేసి చేసి రాటుదేలిన రెండు చేతులూ బ్యాగు పట్టుకుని ఊరికే ఉన్నాయి.

వెనక నుంచి ఎర్రన్న రొప్పుకుంటూ వచ్చాడు. "తాళాలు. తాళాలేవి? బేగి తెండి, పిల్ల సేతిలో పెట్టండి."

"తాళాలు బియ్యం పెట్టెకున్నాయి ఎర్రన్నా," అంది గున్నమ్మ. "నువ్వు గడియారం సూడు."

ఎర్రన్న గోడ మీది గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు.